కబురూ కళ్లెమూ

మన చర్మం పైపొర చాలా చోట్ల మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటుంది. అంత పలుచని చోట ఇంత పనితనమా అనిపిస్తుంది నాకు. అందులోని కెరటినోసైట్ కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 ఆల్ఫా అనే ప్రోటీన్‌ను ముందే తయారుచేసి దాచుకుంటాయి. జబ్బేమీ లేని చర్మంలోనూ ఈ నిల్వ ఉంటుంది. దీని తోబుట్టువు ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను ఎంజైము కత్తిరిస్తే గాని పనిలోకి దిగదు. ఆల్ఫాకు ఆ కోత అక్కర్లేదు. గీసుకుపోయి కణం పగిలిందా, ఒలికిన ప్రోటీనే కబురైపోతుంది. గాయం సంగతి చెప్పడానికి గాయాన్నే వాడుకునే ఈ పొదుపు నన్ను అబ్బురపరుస్తుంది.

చర్మం మీద టేపు అంటించి లాగడం పరిశోధకులకు పాత అలవాటే. మృతకణాలు పొరలుపొరలుగా లేచివస్తాయి. నెత్తురు చుక్క రాదు, సూక్ష్మజీవి సోకదు. అయినా లోపల సైటోకైన్లు, అంటే ఇంటర్‌ల్యూకిన్ల లాంటి కబురు ప్రోటీన్లు, పెరుగుతాయి, పైపొర మరమ్మతు మొదలవుతుంది.

మరి రోజూ గోక్కుంటాం, గడ్డం గీసుకుంటాం, ఒళ్లు రుద్దుకుంటాం. ప్రతిదానికీ చర్మం ఎర్రబారదేం? అసలు నేర్పు ఇక్కడుంది. ఆ కణాలే ఆల్ఫాకు విరుగుడునూ తయారుచేస్తాయి. కిటికీలోంచి తువ్వాలు వేసి బస్సులో సీటు ఆపినట్టు, ఆ విరుగుడు ప్రోటీన్ కణం మీద ఆల్ఫా అతుక్కోవాల్సిన గ్రాహకాన్ని ఆక్రమిస్తుంది, సంకేతం మాత్రం పంపదు. ఆల్ఫాకు చోటు దొరకదు.

మిగతా సైటోకైన్లకూ ఇలాంటి తూకమే కావాలి. ఇంటర్‌ల్యూకిన్-17 చర్మం చేత సూక్ష్మజీవులను చంపే డిఫెన్సిన్లను చేయిస్తుంది. అది కొరవడితే కాండిడా శిలీంధ్రం చెలరేగుతుంది. ఇంటర్‌ల్యూకిన్-4, 13 మితిమీరితే తేమను కాపాడే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ తగ్గి, ఎగ్జిమాలో లాగా తేమ నిలవదు.

విరుగుడు ప్రోటీన్ విలువ తెలిసింది మాత్రం అది లేని పసిబిడ్డల వల్ల. జన్యులోపంతో అది తయారుకాని శిశువుల గురించి 2009లో వైద్యులు ప్రకటించారు. ఏ ఇన్ఫెక్షనూ లేకుండానే ఒళ్లంతా చీముపొక్కులు, ఎముకల్లో వాపు. అనకిన్‌రా ఇంజెక్షన్లతో వాళ్లు త్వరగా తేరుకున్నారు. ఈ.కోలై బ్యాక్టీరియా చేత చేయించే ఆ మందు కొత్త పదార్థమేమీ కాదు, ఆ విరుగుడుకు నకలే. అమైనో ఆమ్లాల వరుసలో మన శరీరం చేసుకునే దానికన్నా ఒక్క మెథియోనిన్ మాత్రమే ఎక్కువ.