అనుమతి పొందిన రంగులు: డబ్లిన్ సిగ్నల్ పెట్టెల కళ

కూడలిలో దీపం ఎరుపు నుంచి ఆకుపచ్చకు మారడాన్ని అందరూ గమనిస్తారు. ఆ మార్పును నడిపించే పెట్టెను మాత్రం ఎవరూ గమనించరు. కాలిబాట అంచున బూడిదరంగులో నిలబడి ఉండే ఆ లోహపు పెట్టెలో సిగ్నల్‌ను నియంత్రించే కంప్యూటరు, విద్యుత్ సరఫరా, రోడ్డు కింద పాతిన తీగచుట్ల ద్వారా వాహనాల రాకను గుర్తించే పరికరాలు ఉంటాయి. ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో ఈ పెట్టెలన్నిటినీ స్కాట్స్ అనే ఆస్ట్రేలియా వ్యవస్థ ఒకదానితో ఒకటి సమన్వయపరుస్తుంది. ఇంత పని చేసే వస్తువుకు చాలాకాలం ముఖమంటూ లేదు. ఆ లోటును పూరించడానికి వచ్చిన పథకం ‘డబ్లిన్ కాన్వాస్’. సిటీ కౌన్సిల్ చేపట్టిన చిన్న ప్రయోగాల నుంచి పుట్టి, 2015 నుంచి పెట్టెల మీద బొమ్మలు వేయిస్తూ, ఇది డబ్లిన్ చుట్టుపక్కల కౌంటీలకు కూడా విస్తరించింది.

ఈ పథకాన్ని మెచ్చుకోవడం తేలిక. విమర్శించడం కొంత కష్టం, ఎందుకంటే దీనివల్ల నష్టపోయినవారు ఎవరూ పైకి కనిపించరు. అయినా, వీధికళ పేరుతో ఒక నగరం దేనిని ఆహ్వానిస్తుంది, దేనిని అడ్డుకుంటుంది అన్న ప్రశ్నను పరిశీలించడానికి ఈ చిన్న పెట్టెలు మంచి ఆధారం.

ఆలోచన డబ్లిన్‌ది కాదు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరం 1999లోనే ఈ పని మొదలుపెట్టింది. అమెరికాలో బోస్టన్ ‘పెయింట్‌బాక్స్’ పేరుతో 2008లో అందుకుంది. తరువాత ఎన్నో నగరాలు ఇదే దారి పట్టాయి. పద్ధతి ఎక్కడైనా దాదాపు ఒకటే. చిత్రకారులు నమూనా పంపాలి, ఎంపిక సంఘం ఒప్పుకోవాలి. తలుపు, తాళం, గాలి రంధ్రాలు మూసుకుపోకూడదు. వాణిజ్య ప్రకటనలు, అభ్యంతరకరమైన బొమ్మలు ఉండకూడదు. కొన్ని నగరాలు కుంచెతో వేయిస్తాయి, మరికొన్ని ముద్రించిన వినైల్ పొరను అతికిస్తాయి. రెండిటికీ తేడా ఉంది. కుంచెతో వేసే మనిషి కొన్ని రోజులపాటు ఆ కూడలిలోనే నిలబడాలి. దారిన పోయేవారు ఆగి అడుగుతారు, పిల్లలు సలహాలిస్తారు. ఎక్కడో ముద్రించి తెచ్చిన పొరకు ఆ పరిచయం ఉండదు. డబ్లిన్ కుంచెనే ఎంచుకోవడం దాని మొదటి సుగుణం. వృత్తి చిత్రకారులే కానక్కరలేదు, ఎవరైనా దరఖాస్తు చేసుకోవచ్చునన్నది రెండవది.

కళారూపంగా ఈ పెట్టెకు తనదైన వ్యాకరణం ఉంది. గోడచిత్రాన్ని దూరం నుంచి తలెత్తి చూస్తాం. పెట్టె మన ఎత్తులోనే, చేతికందే దూరంలో ఉంటుంది. దానికి నాలుగు ముఖాలున్నాయి, కాబట్టి ఏ ఒక్క చోట నిలబడినా మొత్తం కనబడదు. రోడ్డు దాటడానికి ఎదురుచూసేవారికి ఒక ముఖం, కారులో ఆగినవారికి మరొకటి, బస్సు కిటికీలోంచి చూసేవారికి ఇంకొకటి. ఈ అమరికను అర్థం చేసుకున్న చిత్రకారులు ఒక మూలను పుస్తకపు వీపుగానో, తలుపును నిజమైన తలుపుగానో మారుస్తారు. కథను చుట్టూ తిప్పుతారు. అర్థం చేసుకోనివారు చదునైన బొమ్మను తెచ్చి నాలుగు వైపులా అంటించినట్టు వేస్తారు. డబ్లిన్ పెట్టెల మీద తరచు కనిపించే రచయితల ముఖచిత్రాలలో చాలావరకు ఈ రెండవ కోవలోకే వస్తాయి. ఆ నగరంలో జాయిస్ ముఖానికి కొదవ లేదు. మరొక చోట మరొకసారి వేసినంతమాత్రాన ఆ కూడలి గురించి కొత్త సంగతి ఏదీ తెలియదు. ఆ పేటలో ఒకప్పుడున్న వృత్తినో, మూతపడిన సినిమాహాలునో, కాలువ మీది పక్షినో చూపే పెట్టెలు ఇంతకంటె మేలు. అవి తాము నిలబడిన చోటికి చెందుతాయి.

రూపం సంగతి అలా ఉంచితే, ఉద్దేశం మరింత ఆసక్తికరమైనది. ఇలాంటి పథకాలను సమర్థిస్తూ నగరాలు సాధారణంగా చెప్పే మొదటి కారణం సౌందర్యం కాదు, పొదుపు. ఖాళీ పెట్టె మీద పిచ్చిరాతలు, పోస్టర్లు వచ్చి చేరతాయి. వాటిని పదేపదే తుడవడానికి డబ్బు ఖర్చవుతుంది. బొమ్మ ఉంటే ఎవరూ చెరపరు. దీని వెనుక, పగిలిన కిటికీని అలాగే వదిలేస్తే మిగిలినవీ పగులుతాయంటూ 1982లో విల్సన్, కెల్లింగ్ ప్రతిపాదించిన వాదం నీడ కనిపిస్తుంది. తెలుగువారికి ఈ తర్కం కొత్తది కాదు. మన ఊళ్ళలో గోడను పాడుచేయకుండా దేవుళ్ళ బొమ్మల పలకలు అతికించడం అందరూ చూసినదే. అక్కడ దేవుడు కాపలాదారు, ఇక్కడ కళ.

అయితే ఈ కాపలా ఎందుకు పనిచేస్తుంది? మంచి బొమ్మ మీద మరొకరు గీయకూడదన్నది అనుమతి లేకుండా గోడల మీద రాసే గ్రాఫిటీ కళాకారులు తమలో తాము పాటించే మర్యాద. నగరం ఏ మనుషులను నేరస్థులుగా చూస్తుందో, వారి నీతి మీదనే తన పెట్టెల భద్రతకు ఆధారపడుతోంది. ఈ రుణాన్ని ఏ నివేదికా లెక్కలో చూపదు.

ఆ మనుషుల పట్ల డబ్లిన్ ప్రవర్తన ఎలా ఉన్నదో చూస్తే విషయం స్పష్టమవుతుంది. గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించిన ఎనిమిదవ రాజ్యాంగ సవరణను రద్దు చేయాలంటూ, 2016 జులైలో టెంపుల్ బార్‌లోని ప్రాజెక్ట్ ఆర్ట్స్ సెంటర్ గోడ మీద మేజర్ అనే కళాకారుడు నీలిరంగు మీద ఎర్రని హృదయాన్ని చిత్రించాడు. నిర్మాణ అనుమతి లేదన్న కౌన్సిల్ హెచ్చరికతో అది కొద్ది వారాల్లోనే పోయింది. 2018 ఏప్రిల్‌లో మళ్ళీ వెలిస్తే, ధర్మసంస్థల నియంత్రణాధికారి అభ్యంతరంతో మళ్ళీ రంగు పూసి కప్పవలసి వచ్చింది. 2017లో సబ్‌సెట్ అనే బృందం స్మిత్‌ఫీల్డ్‌లో వేసిన గాయకుడు స్టార్మ్‌జీ చిత్రానికీ అనుమతి లేదన్న కారణమే అడ్డొచ్చింది. దానికి జవాబుగా ఆ బృందం అనుమతులు అడగకుండానే బొమ్మలు వేస్తూ ‘గ్రే ఏరియా’ అనే ఉద్యమం నడిపింది. ప్రకృతి చిత్రాల నిర్మాత డేవిడ్ అటెన్‌బరో ముఖాన్ని ఒక ఇంటి పక్కగోడ మీద వేసినా కౌన్సిల్ చర్యకు దిగింది. బూడిదరంగును తొలగించమని ఒక చేత్తో ఆహ్వానించి, మరో చేత్తో బూడిదరంగు పూయించడం ఈ విధానంలోని వైరుధ్యం.

కౌన్సిల్ పక్షాన న్యాయమైన వాదన లేకపోలేదు. సిగ్నల్ పెట్టె ప్రజలందరి ఆస్తి. దాని మీద ఒక పక్షం నినాదానికి చోటిస్తే రెండవ పక్షానికీ ఇవ్వాలి. అప్పుడు ప్రతి కూడలీ ఎన్నికల గోడ అవుతుంది. గోడరాతలు, పార్టీ గుర్తులు నిండిన ఊళ్ళ నుంచి వచ్చిన తెలుగు పాఠకులకు ఈ భయం వెంటనే అర్థమవుతుంది. కనుక పెట్టె మీద బొమ్మ మెత్తగా ఉండడం తప్పు కాదు. ఆ మెత్తని బొమ్మలనే తన వీధికళా విధానం మొత్తానికి సాక్ష్యంగా నగరం చూపడం తప్పు. ప్రైవేటు గోడ యజమాని ఒప్పుకున్నా, బొమ్మకు గట్టి అనుమతి ప్రక్రియ తప్పనప్పుడు, మిగిలేది ఎవరికీ అభ్యంతరం లేని పక్షులూ పువ్వులూ మాత్రమే.

ఎనిమిదవ సవరణపై ప్రజాభిప్రాయ సేకరణ 2018 మే 25న జరిగింది. ఆ రోజులలోనే సౌత్ రిచ్‌మండ్ వీధిలో ఒక గోడ మీద ఏచెస్ అనే కళాకారుడు సవిత హలప్పనవర్ ముఖాన్ని చిత్రించాడు. కర్ణాటక నుంచి వెళ్ళిన ఆ యువ దంతవైద్యురాలు, గర్భం నిలవదని తెలిసినా గర్భస్రావం నిరాకరించబడి, 2012 అక్టోబరులో గాల్వేలో మరణించింది. జనం ఆ గోడ దగ్గర ఆగారు. చిన్న చిన్న చీటీల మీద క్షమాపణలు, ప్రమాణాలు రాసి ఆ ముఖం చుట్టూ అతికించారు. 66 శాతానికి పైగా ఓటర్లు సవరణ రద్దుకు అనుకూలంగా ఓటు వేశారు. విదేశంలో బతికే ఏ భారతీయ కుటుంబమైనా ఆ ముఖంలో తమవారిని చూసుకోగలదు. ఎంపిక సంఘాల ద్వారా ఏ సిగ్నల్ పెట్టె మీదికీ అది వచ్చి ఉండేది కాదు.

తరువాత ఆ చీటీలను సేకరించి భద్రపరచింది డబ్లిన్ నగర గ్రంథాలయం, అభిలేఖాగారం. అంటే అదే సిటీ కౌన్సిల్‌కు చెందిన సంస్థ. ఏది దాచుకోదగినదో నగరానికి తెలియకపోలేదు. పుట్టిన తరువాత దానిని గుర్తించగలిగింది. పుట్టడానికి చోటివ్వడమే దానికి ఇంకా చేతకాలేదు. సిగ్నల్ పెట్టెల రంగులు కొనసాగవలసిందే. అవి ఎన్ని కూడలులను అందంగా మార్చాయన్న లెక్కతో పాటు, వాటి పక్కనున్న గోడలకు మాట్లాడే వీలు ఎంత దక్కిందన్న లెక్క కూడా ఉన్నప్పుడే ఆ పథకం విలువ సరిగా తేలుతుంది.