కాళ్లకు తెలిసే అందం

మా సీమలో ఇంటి అందాన్ని మొదట చూసేవి కాళ్లు. ఏప్రిల్ ఎండలో కర్నూలు వీధుల్లో నడిచి నడిచి ఇల్లు చేరి, గడప అవతల చెప్పులు విడిచి, లోపలి బండ మీద పాదం మోపితే చాలు, ఆ ఇల్లు ఎట్లాంటిదో తెలిసిపోతుంది. గోడమీది పటాలు, సోఫా, టీవీ వెనక చెక్కపని అన్నీ ఆ తర్వాత కంటబడేవే. ఇల్లు అందంగా తీర్చుకోవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టమంటారని మిత్రులు అడిగినప్పుడల్లా నేలనుంచి మొదలుపెట్టమంటాను. చాలామందికి ఈ జవాబు నచ్చదు. వాళ్లు అప్పటికే పైకప్పులో దాచే లైట్లూ గోడకు వేసే రంగులూ ఫోన్‌లో చూపించడానికి సిద్ధంగా ఉంటారు.

కానీ మన బతుకంతా నేలమీదే కదా. బుడ్డలు ఒలిచేది నేలమీద, పిల్లలు హోంవర్క్ రాసేది నేలమీద. మధ్యాహ్నం పన్నెండు దాటితే, ఎంత మంచి మంచం ఉన్నా, పెద్దవాళ్లు కొంగో తువ్వాలో పరుచుకుని నడుం వాల్చేది నేలమీదే. కర్నూలు, నంద్యాల, కడపల్లో వేసవి ఎండ నలభై డిగ్రీలు దాటడం మామూలు. రాష్ట్రంలో ఎక్కువ ఎండ కాసిన ఊళ్ల వరసలో ఈ పేర్లు ఏటా కనబడతాయి. ఇట్లాంటి చోట పగలంతా ఒంటికి తగిలేది నేల. అది చల్లగా, నున్నగా, కంటికి నింపాదిగా ఉంటే ఇంట్లో సగం అలంకరణ అయిపోయినట్టే.

అట్లాంటి నేల మనకు కాళ్ల కిందనే దొరుకుతుంది. బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల. ఇటు వస్తే జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, నిడుజువ్వి. ఈ పట్టీ పొడవునా నాపరాయే. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు శిలల గురించి ఒక గ్రంథమే రాశాడు. ఈ సున్నపురాయిని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ నార్జి అనే మన పల్లె పేరుతోనే పిలుస్తారు. చేపలు కూడా పుట్టని కాలంలో ఇక్కడ నిలిచిన సముద్రం అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని, గట్టిపడి, ఈ రాయి అయింది. గనిలో గడ్డపార పెట్టి ఎత్తితే పొర వెంబడి విడిపోతుంది. రంపం తాకకముందే బండ బండగానే ఉంటుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహల్లో నీళ్లు మూడు కిలోమీటర్లకు పైగా తొలుచుకుంటూ పోయింది ఈ రాతినే. ఎర్రగుంట్ల వైపు నలుపు. బేతంచెర్ల వైపు నీలం కలిసిన బూడిద, లేతాకుపచ్చ, గోధుమ. బొంబాయి, పుణె ఇళ్లలో వంటగట్టుకూ అల్మరా అరలకూ వేసే నల్లరాయిని కడప్పా అనే అంటారు. అక్కడివాళ్లు అంత దూరం నుంచి తెప్పించుకుని మురిసిపోయే రాయిని మనం పెకలించి పారేసి టైల్స్ వేసుకుంటున్నాం.

నాకు బాధ కలిగించేది ఇదే. పాతపేటలో ఏ ఇల్లు బాగుచేయిస్తున్నా వాకిట ముందు పగిలిన బండల కుప్ప కనబడుతుంది. యాభై అరవై ఏళ్లుగా పాదాలు తిరిగి తిరిగి నునుపెక్కిన బండలవి. ఆ నునుపు ఏ పాలిష్ ఫ్యాక్టరీలోనూ రాదు. పాలిష్ మిషన్ బండనంతా ఒక్కటిగా మెరిపిస్తుంది. పాదం అట్లా కాదు. మనుషులు ఎక్కువ నడిచే దారిలో, వంటింటి నుంచి పడసాలకు, పడసాల నుంచి వాకిలికి, ఒక మెరుపు దారి వేస్తుంది. మూలలు గరుకుగానే ఉండిపోతాయి. ఆ ఇంట్లో ఎవరు ఎట్లా తిరిగారో నేల చూసి చెప్పవచ్చు.

మా ఇంట్లో పాత బండలు ఉంచేస్తానంటే మేస్త్రీకి నచ్చలేదు. "ఏంటికి సార్ ఈ పాత బండలు? టైల్స్ ఏస్తే ఇల్లు అద్దంలాగుంటాది" అన్నాడు. ఆయన మంచి పనివాడు. మనసులో ఉన్నది చెప్పాడు. బండలు తీయకుండా సందులు మాత్రం గీకి, కొత్తగా నింపి, ఎగుడుదిగుడుగా ఉన్నవాటిని ఎత్తి రసమట్టం పెట్టి సరిచేయమన్నాను. ఆ పని చేస్తున్నంతసేపూ ఆయన చేతుల్లో ఒక నేర్పు కనిపించింది. తాపీ కాడతో బండను తట్టి, చప్పుడును బట్టి కింద బోలుందో లేదో చెప్పేవాడు. టైల్స్ వేసే పనిలో ఈ విద్య అంతగా అక్కరపడదంట. పని అయ్యాక, సందుల వెంట అంటుకున్న సిమెంటు పోవడానికి ఆసిడ్‌తో కడుగుదామన్నాడు. అది మాత్రం వద్దన్నాను.

ఈ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎన్నో మంచి నేలలు ఇట్లానే పాడవుతున్నాయి. నాపరాయి సున్నపురాయి. ఆసిడ్ పడగానే పైపొరను తినేస్తుంది. కడిగిన పూట తెల్లగా, శుభ్రంగా కనబడుతుంది. ఆరాక చూస్తే మెరుపు చచ్చి, బూడిద పట్టినట్టు ఉంటుంది. స్నానాలగదులు కడిగే సీసాల్లో ఉండేదీ ఎక్కువగా అదే. వంటగట్టు మీద నిమ్మరసం, చింతపులుసు, పుల్లపెరుగు పడి నిలిచినా మచ్చ కట్టేది ఈ కారణంతోనే. సిమెంటు గట్టిపడకముందే తడిగుడ్డతో తుడిచేస్తే ఏ ఆసిడ్ అవసరమూ రాదు. గట్టిపడితే చెక్కముక్కతో ఓపికగా గీకాలి. తర్వాత కుంకుడు రసమో మెత్తటి సబ్బునీళ్లో చాలు. బండ బాగా ఆరాక అవిసె నూనె పలచగా రాసి, కాసేపాగి పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయాలి. బుడ్డలనూనె పనికిరాదు, అది ఆరదు, జిగురుగా మిగిలి దుమ్మునంతా పట్టుకుంటుంది. అవిసె నూనె ఆరి రాతిలోనే నిలుస్తుంది. నలుపు అప్పుడు లోపలినుంచి పైకి వస్తుంది.

నేల తర్వాత గోడ. నల్లటి బండకు తెల్లటి సున్నం గోడను మించిన జోడు నేను చూడలేదు. అందులో ఒక చుట్టరికం కూడా ఉంది. సున్నపురాయిని బట్టీలో తొమ్మిదివందల డిగ్రీల దాకా కాల్చితే సున్నం. నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి తడిసున్నం. గోడకు పూస్తే గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా మళ్లీ సున్నపురాయే అవుతుంది. అంటే కాళ్ల కింద పరిచిన రాయే పలచటి పొరగా మారి గోడమీద నిలబడి ఉంటుంది. చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునేదీ ఈ రాయినే గనక, మిద్దెపైన స్లాబు కూడా ఆ ఇంటి బిడ్డే.

సున్నం వేయడం తేలిక అనుకుంటారు. గోడ తడిపి, పలచగా మూడు పూతలు వేయాలి. ఒక్కసారే చిక్కగా పూస్తే పెచ్చులూడుతుంది. తుమ్మబంక కలిపితే చేతికి అంటదు. నీలిమందు చిటికెడు వేస్తే తెలుపు కంటికి చల్లగా ఉంటుంది. అప్పటికే ప్లాస్టిక్ రంగు వేసిన గోడ మీద సున్నం నిలవదు. రంగంతా గీకి తీయాల్సిందే. కష్టమే. అయినా ఒకసారి చేసి చూస్తే, సాయంత్రం వెలుగు సున్నం గోడమీద పడి మెత్తగా గదంతా పరుచుకోవడం చూస్తే, దాచిపెట్టే లైట్ల సంగతి మళ్లీ ఎత్తరు. స్పెయిన్ దక్షిణాన అండలూసియాలోనూ మనలాగే మండే ఎండలు. అక్కడి పల్లెలు నేటికీ సున్నపు తెలుపుతోనే వెలుగుతాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల విధానం తెచ్చి, ఎండను తిప్పికొట్టే తెల్లటి పూతల్ని ప్రోత్సహించడం మొదలుపెట్టింది. ఎండాకాలం ముందు మిద్దెకు సున్నం కొట్టే మన పెద్దవాళ్లకు ఇది తెలిసిన విద్యే.

వెలుగు మాటొస్తే జమ్మలమడుగు పక్కన మా జేజి వాళ్ల మట్టిమిద్దె కళ్లముందు మెదులుతుంది. రాతిగోడలు రెండడుగుల మందం. కిటికీలు చిన్నవి. మిద్దెపైన చవుడు. తడవగానే ఆ మన్ను సన్నగా విడిపోయి సందులన్నీ పూడ్చేస్తుంది గనక నీళ్లు కిందికి దిగవు; ఏటా వానలకు ముందు కొత్త చవుడు ఎత్తి పోసేవాళ్లు. నట్టింటి మధ్యలో గవాక్షి. పొద్దు ఎక్కేకొద్దీ ఆ గవాక్షి వెలుగు నేలమీద జరుగుతూ పోయేది. జేజి దానితోపాటు తన చాప జరుపుకుంటూ బియ్యంలో రాళ్లు ఏరేది. గోడల్లో గూళ్లు, ఒకదాంట్లో దీపం, ఒకదాంట్లో తమలపాకుల పెట్టె, మిగిలినవి ఖాళీ. "గూళ్లన్నీ నింపితే ఇల్లు ఊపిరాడదురా అబ్బోడా" అనేది. ఇంటీరియర్ పుస్తకాలు ఎన్నో తిరగేశాను. ఖాళీ చోటు విలువను ఇంత సూటిగా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. మా ఇంటి గూళ్లను ఇప్పుడు చెక్క తలుపులతో మూయకుండా అట్లానే ఉంచాను. ఒకదాంట్లో ఇత్తడి చెంబు ఉంది, పక్కది ఖాళీ.

ఈ మాటలన్నీ రాజంపేట దగ్గర ఒకింట్లో చెప్పబోయి ఆగిపోయాను. ఆమె కువైట్‌లో పనిచేసి తిరిగొచ్చి ఇల్లు కట్టుకుంది. ముందువైపు స్టీలు కమ్ములు, రంగురంగుల టైల్స్, ముఖం కనబడే నేల. "పదేండ్లు పరాయోళ్ల ఇండ్లు తుడిచినాను సార్. నా ఇల్లు తళతళా మెరవల్ల" అంది. ఆ మాటకు బదులు లేదు, వెతకనూ కూడదు. ఆ మెరుపులో ఆమె పదేళ్లున్నాయి. ఆ ఇల్లు ఆమెకు అందమైనదే. నేను అడిగేదల్లా ఒకటే: అట్లా కష్టపడి సంపాదించిన డబ్బుకు ఎండాకాలం మధ్యాహ్నం చల్లగా నడుం వాల్చగల నేల కూడా రావాలి. ఆ మాట చెప్పే మేస్త్రీ, ఇంజనీరు ఆమెకు దొరకాలి. మంచి పాలిష్ పట్టిన నల్లబండ కూడా ముఖం కనబడేటట్టే మెరుస్తుంది.

ఆమె వాకిట్లో మాత్రం తెల్లవారుజామునే సానిపి చల్లి వేసిన ముగ్గు ఉంది. ఆ ఊరికి దగ్గర్లోనే, ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో, బెరైటీస్ గనులు. మనవాళ్లు దాన్ని ముగ్గురాయి అంటారు. ప్రపంచంలోకెల్లా పెద్ద నిక్షేపాల్లో అదొకటి. చాలా బరువైన రాయి గనక చమురుబావులు తవ్వేచోట బురదలో కలపడానికి దాని పొడి దేశదేశాలకు పోతుంది. రాయీ మనుషులూ చమురున్న చోట్లకే ఓడలూ విమానాలూ ఎక్కిన తావు అది. ఆమె మాత్రం తిరిగొచ్చి తన వాకిట్లో ముగ్గు పెట్టుకుంది. పైసా ఖర్చులేని, ఏ రోజుకారోజు కొత్తగా వేసే ఆ అలంకరణ ముందు ఆమె ఇంటి టైల్స్ గురించి నేనేం మాట్లాడగలను?

బట్ట గురించి కొంచెం. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నిలబెట్టిన చేనేత సహకార సంఘం దుప్పట్లు సీమ ఇళ్లన్నిటికీ తెలుసు. ఆ నూలు దుప్పటినే కిటికీకి కర్టెన్‌గా కట్టుకోవచ్చు. ఎండను ఆపుతుంది, గాలిని ఆపదు. ఆదోని నూలు జంపకానాలకు ఆ ఊరు బళ్లారి జిల్లాలో ఉన్నప్పటినుంచీ పేరుంది. చలికాలంలో ఒకటి పరిస్తే చాలు, వేసవి రాగానే చుట్టి పైన పెట్టేయాలి. పాత చీరలతో కుట్టిన బొంతను అతిథుల కంటబడకుండా దాచే అలవాటు పోవాలని నా కోరిక. ఏ చీర ఎవరిదో చెప్పగల అమ్మ ఇంట్లో ఉండగా, సోఫామీద పరచడానికి అంతకన్నా మంచి బట్ట ఏ కొట్లో దొరుకుతుంది?

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచెత్తినప్పుడు ఇళ్లలో బురద నిలిచింది. ప్లైవుడ్ అల్మరాలు ఉబ్బి, పొరలు విడిపోయి వీధిపాలయ్యాయి. బండలు పరిచిన ఇళ్లలో బురద ఎత్తిపోసి, కడిగి, ఆరాక మళ్లీ సున్నం కొట్టుకున్నారు. నేల ఎప్పటి నేలే. ఇంట్లో ఏది ఎన్నాళ్లు నిలవాలన్నది అలంకరణలో మొదటి లెక్కగా పెట్టుకోవడం నేను ఆ వరదలోనే నేర్చుకున్నాను.

బేతంచెర్ల దారుల్లో పోతుంటే కోతలో మిగిలిన బండముక్కలు గుట్టలుగా పోసి కనబడతాయి. రాతి దుమ్ములో పగలంతా పనిచేసే మనుషులు మూతికి గుడ్డ కట్టుకుని ఉంటారు. వాళ్లకు సరైన మాస్కులు, దుమ్ము అణిచే నీటి ఏర్పాట్లు ప్రతి ఫ్యాక్టరీలోనూ ఉండాలి. ఆ ముక్కలు చాలా చవక. పెరట్లో దారికి, చెట్టు పాదు చుట్టూ, మిద్దె మెట్లకు రకరకాల రంగులు కలిపి పరిస్తే ఎంతో బాగుంటాయి. మా పెరటి దారి వాటితోనే వేయించాను.

మీ ఇంట్లో పాత బండలుంటే, టైల్స్ వాళ్లకు అడ్వాన్సు ఇవ్వకముందు ఒక్క పని చేయండి. తలుపు చాటున ఒక బండను ఎంచుకుని కుంకుడు రసంతో రుద్ది కడగండి, రెండ్రోజులు ఆరనివ్వండి, అవిసె నూనె పట్టించి తుడవండి. వారం రోజులు దానిమీద నడవండి, మధ్యాహ్నం పూట కాసేపు కూర్చోండి. తర్వాత మీ ఇష్టం. తీసేయాలనే అనిపిస్తే మాత్రం పగలగొట్టించకండి. బండలు నిలువునా ఎత్తించి గోడకు ఆనించి, వీధిలో నలుగురికీ చెప్పండి. అడిగి తీసుకుపోయేవాళ్లు తప్పకుండా వస్తారు.