చర్మం మీద మిగిలిన ఈజిప్టు

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఒక ఈజిప్టు యువకుడి మృతదేహం వందేళ్ళకు పైగా అద్దాల పెట్టెలో ఉంది. గెబెలీన్ దగ్గర ఎడారి ఇసుకలో పూడ్చిన దేహం, ఆ వేడికి దానంతటదే ఎండి నిలిచిపోయింది. అతని దండచేయి మీద నల్లటి మరక ఒకటుంది. చూసినవాళ్ళెవరూ దాన్ని పట్టించుకోలేదు. పరారుణ కెమెరాతో ఫొటో తీస్తే ఆ మరకలోంచి రెండు జంతువులు బయటపడ్డాయని 2018లో ప్రకటించారు. ఒకటి పొడవాటి తోక, పెద్ద కొమ్ములు ఉన్న అడవి ఎద్దు. రెండోది వంపు తిరిగిన కొమ్ములు, ఎత్తైన మూపు ఉన్న బార్బరీ గొర్రె. అక్కడే దొరికిన ఒక స్త్రీ భుజం మీద మెలికల గీతలు వరుసగా కనిపించాయి. వీళ్ళిద్దరూ క్రీ.పూ. 3351-3017 మధ్య కాలం వాళ్ళు. అంటే పిరమిడ్లకు ఎన్నో తరాల ముందువాళ్ళు. బొమ్మలుగా పొడిచిన పచ్చబొట్లలో ఇప్పటికి తెలిసినంతవరకు ఇవే అత్యంత పాతవి.

కంటికి మరకలా కనిపించింది కెమెరాకు ఎద్దులా కనిపించడానికి కారణం మసి. మసిలో ఉండే కార్బన్ పరారుణ కాంతిని మింగేస్తుంది, ఎండి నల్లబడ్డ చర్మం అంతగా మింగదు. అందుకే నలుపు మీద నలుపు విడివడి తెలిసింది. ఆ ఎద్దును పొడిచినవాళ్ళు మసిని చర్మం పైపొర దాటించి కింది పొరలోకి దించారు. పైపొర ఎప్పటికప్పుడు రాలిపోతుంది కనుక అక్కడ వేసిన రంగు నిలవదు. కింది పొరలో మాత్రం శరీరాన్ని కాపలా కాసే కణాలు మసి రేణువులను మింగి తమలోనే ఉంచుకుంటాయి. ఒక కణం చచ్చిపోతే అది వదిలిన రంగును మరో కణం అందుకుంటుందని ఫ్రెంచి శాస్త్రవేత్తలు 2018లోనే ఎలుకల మీద చేసిన ప్రయోగంలో చూపించారు. మసి నల్లనిదే అయినా పైనున్న చర్మం నీలి కాంతిని ఎక్కువగా చెదరగొట్టడం వల్ల బొట్టు నీలంగానో పచ్చగానో కనిపిస్తుంది.

పనిముట్ల గురించి తెలిసింది తక్కువ. పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ అబిడోస్‌లో తవ్వి తీసిన, కర్ర పిడికి బిగించిన పదునైన మొన, గురోబ్‌లో దొరికిన చిన్న చిన్న కంచు సూదులు పచ్చబొట్లకు వాడినవే కావచ్చని కొందరు పండితుల అభిప్రాయం. పని జరిగే తీరు మాత్రం చాలా కాలం తర్వాతి రాతలో దొరుకుతుంది. 1836లో అచ్చయిన పుస్తకంలో ఆంగ్లేయుడు ఎడ్వర్డ్ లేన్ కైరో జనజీవనాన్ని వర్ణిస్తూ దీన్ని వివరంగా రాశాడు. ఏడు సూదులు కట్టగా కట్టి పొడుస్తారు. చనుబాలలో కలిపిన మసిని ఆ గాట్లలో రుద్దుతారు. వారం తర్వాత, పుండు ఇంకా మానకముందే, ఆకులు నూరిన ముద్ద పట్టిస్తారు. సంచార జాతుల స్త్రీలే ఎక్కువగా ఈ పని చేసేవారట. మన ఊళ్ళలో ఎరుకల స్త్రీలు సూదులు, మసి, ఆకుపసరుతో పచ్చబొట్లు పొడవడం చూసినవాళ్ళకు ఈ వర్ణన కొత్తగా అనిపించదు. రెండు దేశాల మధ్య చుట్టరికం ఉందని నేననను. ఇల్లూ వాకిలీ దాటకుండా దొరికే సరుకుతో చేయగలిగే కళ కనుక అది రెండు చోట్లా అలాగే రూపు దిద్దుకుంది.

ప్రాచీన ఈజిప్టు స్త్రీలకు పండితులు చేసిన అన్యాయం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1891లో దేర్ ఎల్ బహరీలో అమునెత్ అనే స్త్రీ మమ్మీ దొరికింది. నాలుగు వేల ఏళ్ళ కిందట హాథోర్ దేవతకు పూజారిణిగా ఉన్న మనిషి ఆమె. పొత్తికడుపు మీద, తొడల మీద, చేతుల మీద చుక్కలు, చిన్న గీతలు వరుసలుగా పొడిచి ఉన్నాయి. తర్వాత అక్కడే పచ్చబొట్లున్న మరో ఇద్దరు స్త్రీల దేహాలు బయటపడ్డాయి. బొట్లు చూడగానే వీళ్ళు నాట్యగత్తెలనీ, రాజుగారి ఉంపుడుగత్తెలనీ అనేశారు. సమాధి రాతల్లో అమునెత్ బిరుదు స్పష్టంగా ఉన్నా, ఒంటి మీది చుక్కలనే శీలానికి సాక్ష్యంగా తీసుకున్నారు. పొత్తికడుపు మీది ఆ చుక్కల వల గర్భంతో పాటే సాగి తల్లినీ బిడ్డనూ కాస్తుందనే నమ్మకంతో వేసినదని ఈజిప్టు చరిత్ర పరిశోధకురాలు జోవాన్ ఫ్లెచర్ వాదించింది. నాకు ఇదే సబబుగా తోస్తుంది. ఊరికే అలంకారమైతే ఎవరికీ కనపడని చోట అంత నొప్పి భరించి ఎందుకు వేయించుకుంటారు?

ఈ వాదనకు పెద్ద బలం దేర్ ఎల్ మదీనాలో దొరికింది. రాజుల లోయలో సమాధులు తొలిచి, గోడలకు రంగులు వేసిన పనివాళ్ళ ఊరు అది. 2014లో పరిశోధకురాలు ఆన్ ఆస్టిన్ అక్కడి తల లేని ఒక స్త్రీ మొండెం పరీక్షిస్తూ మెడ మీద గుర్తులు చూసింది. అవి మృతదేహం మీద పూసిన రంగు కావచ్చనుకుంది. పరిశీలించేకొద్దీ ముప్పైకి పైగా పచ్చబొట్లు తేలాయి. క్రీ.పూ. 1300-1070 మధ్య బతికిన మనిషి. గొంతు మీద కూర్చున్న బబూన్ కోతులు, దైవ నేత్రాలైన వాద్జెత్ కళ్ళు. భుజాల మీద, వీపు మీద మళ్ళీ కళ్ళే. చేతి మీద హాథోర్ గుర్తయిన ఆవులు. నడుము కింద కలువలు. ఏ పక్క నుంచి చూసినా ఆమె ఒంటి మీది దైవ నేత్రాలు చూసేవాళ్ళను తిరిగి చూస్తాయి. పాడుతున్నప్పుడు, మంత్రం చదువుతున్నప్పుడు గొంతు మీది కళ్ళు కదులుతాయి. చెయ్యి ఎత్తి ఊపితే ఆవులు కదులుతాయి. కొన్ని బొట్లు వెలిసిపోయి, కొన్ని ముదురుగా ఉన్నాయి కనుక అన్నీ ఒక్కసారి వేసినవి కావు, ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే చేరినవి. వీపు మీదివి ఆమె తనకు తాను పొడుచుకోలేదు. అంటే ఊళ్ళో ఆ పని తెలిసిన చెయ్యి ఒకటుంది, ఆమెకు ఆ హోదా ఇచ్చిన సమాజమూ ఉంది. 2022లో అదే ఊరి మరో ఇద్దరు స్త్రీల నడుముల మీద కూడా పచ్చబొట్లు ఉన్నాయని ప్రకటించారు. వాటిలో ప్రసవాన్ని కాచే మరుగుజ్జు దేవుడు బెస్ రూపం ఉంది.

అమునెత్ బయటపడిన 1891లోనే న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ విద్యుత్ టాటూ యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఈ రెంటికీ సంబంధం లేదు. కానీ ఆ యంత్రం వచ్చాక టాటూ నగరాల్లో దుకాణాల వ్యాపారమైంది, 1922లో టుటన్‌ఖామున్ సమాధి తెరుచుకున్నాక ఈజిప్టు బొమ్మలు ఆ దుకాణాల్లోకీ వచ్చాయి. ఈనాటి దాకా అవి పోలేదు. గాయని రిహానా 2012లో తన అమ్మమ్మ జ్ఞాపకంగా ఛాతీ కింద రెక్కలు చాచిన ఐసిస్ దేవతను వేయించుకుంది. అనూబిస్ దేవుడు, టుటన్‌ఖామున్ ముసుగు, పిరమిడ్లు టాటూ ఆల్బమ్‌లలో మామూలే. వీటిలో ఎక్కువ భాగం సమాధి గోడల నుంచి, శవపేటికల నుంచి తెచ్చుకున్నవి. ఆనాటి ఒళ్ళ మీద నిజంగా ఉన్నవి వాద్జెత్ కన్ను, కలువ, ఆవు, బెస్, చుక్కలు లాంటివి. యంత్రం పక్కనపెట్టి చేత్తో ఒక్కొక్క చుక్కా గుచ్చే నేటి కళాకారుల పనితనం, నా లెక్కలో, అమునెత్‌కు వేసిన చెయ్యికి ఏ ఐసిస్ బొమ్మ కంటే దగ్గరిది.

ఇప్పటి స్టూడియోలు ఈజిప్టు నుంచి అరువు తెచ్చుకోవలసింది ఇంకొకటి ఉంది. అది బొమ్మ ఎక్కడ ఉండాలనే ఆలోచన. గొంతు మాట పుట్టే చోటు కనుక అక్కడ కన్ను. కడుపు సాగే చోటు కనుక అక్కడ వల. కంప్యూటర్ తెర మీద ఎంచుకుని చేతి మీద ఖాళీ ఉన్న చోట అతికించే పద్ధతిలో ఈ లెక్క పోయింది. ఈజిప్టులోని కాప్టిక్ క్రైస్తవుల దగ్గర అది ఇంకా బతికే ఉంది. వాళ్ళలో చాలామంది కుడి మణికట్టు లోపలి వైపే శిలువ పొడిపించుకుంటారు, చిన్నపిల్లలకూ పొడిపిస్తారు. అది కాప్టులకు తమ మనిషిని గుర్తుపట్టే గుర్తు. ఈజిప్టు నుంచి ఆ విద్య తెచ్చుకున్నామని చెప్పుకునే రజ్జూక్ కుటుంబం జెరూసలేంలో యాత్రికులకు ఇప్పటికీ పచ్చబొట్లు వేస్తోంది. వాళ్ళ దగ్గర తరతరాలుగా వచ్చిన చెక్క అచ్చులు ఉన్నాయి. ముందు అచ్చుతో చర్మం మీద బొమ్మ అద్ది, ఆ గీతల మీద సూది నడుపుతారు.

ఫరోల కాలపు బొట్లకు, ఈ శిలువకు మధ్య తెగని తాడు ఉందని చెప్పే ఆధారం లేదు. ఉన్నవి కొద్ది దేహాలే. కట్లు విప్పని మమ్మీల చర్మం పైకి కనపడదు. బొట్లు చూడటం కోసం కట్లు విప్పడమూ తగదు. కానీ వెనకటి తరాలు విప్పేసిన దేహాలూ, ఇసుకలో ఎండిన దేహాలూ మ్యూజియంల గోదాముల్లో చాలానే ఉన్నాయి. వాటి ముందు పరారుణ కెమెరా పెట్టడానికి ఎవరినీ కదిలించనక్కర్లేదు, ఏ దేహాన్నీ కోయనక్కర్లేదు.