సంపన్న దేశంలో వొక సముద్రతీరం

దేశం సంపన్నమయ్యాక యింకా సంస్కరణలెందుకని నా విద్యార్థి వొకడు అడిగాడు. ఇషిమురే మిచికో 1969లో మినమాట బెస్తలపై వెలువరించిన గ్రంథానికి ఇంగ్లీషు అనువాదం అతని చేతిలో పెట్టాను.

జపాన్‌లోని మినమాటలో చిస్సో రసాయన కర్మాగారం పాదరసం కలిసిన మురుగును సముద్రంలోకి వదిలింది. ఆ చేపలు తిన్నవారికి కాళ్లూ చేతులూ, మాటా పడిపోయాయి. జబ్బు 1956లో బయటపడింది. కర్మాగారం ఆసుపత్రి డాక్టరే 1959లో ఆ మురుగు కలిపిన తిండి పిల్లికి పెట్టి కారణం కనుక్కున్నాడు. యాజమాన్యం దాన్ని దాచి, ఆ యేడాది చివర మృతునికి 3 లక్షల యెన్ల చొప్పున యిచ్చి, రేపు తప్పు తనదేనని తేలినా మరేమీ అడగరాదని సంతకాలు చేయించుకుంది. దాని పేరు సానుభూతి సొమ్మట! ప్రభుత్వం కారణాన్ని వొప్పుకున్నది 1968లో. జాతీయోత్పత్తిలో జపాన్ పశ్చిమ జర్మనీని మించిపోయిందీ ఆ యేడాదే. ఆ లెక్కలో కర్మాగారపు సరుకు చేరింది, పాడైన సముద్రం చేరలేదు.

రచయిత్రి వైద్య నివేదికల పక్కనే బెస్తల స్వగతాలు పెట్టింది. అవి వారు చెప్పగా రాసుకున్నవి కావు, ఆమె కల్పించినవి. మొదట నాకిది అభ్యంతరంగానే తోచింది. కాని మాట పడిపోయినవాడి సాక్ష్యం మరెలా దొరుకుతుంది?

వొక్క లోపం చెప్పక తప్పదు. కర్మాగారానికి ముందటి సముద్రజీవితాన్ని ఆమె స్వర్గంగా చిత్రించింది. బెస్తల పేదరికం అందులో మరుగునపడింది. వెనకేసుకున్నదేమీ లేకనే గదా వాళ్లు ఆ కాగితం మీద సంతకం పెట్టారు!