దారి పెరిగితే ఆలస్యమా? – ఒక లెక్క మీద నా విమర్శ

మా లెక్కల మాస్టారు బోర్డు మీద ఒక వింత లెక్క వేశారు. జర్మనీ గణితవేత్త డీట్రిచ్ బ్రేస్ 1968లో చూపించిన విషయం అది. వివరించడానికి మామూలుగా చెప్పే అంకెలు ఇవీ.

ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి 4000 కార్లు పోవాలి. దారులు రెండు. ప్రతి దారిలోనూ ఒక వెడల్పు రోడ్డు, ఒక ఇరుకు రోడ్డు ఉన్నాయి. వెడల్పు రోడ్డులో ఎన్ని కార్లు వచ్చినా 45 నిమిషాలే. ఇరుకు రోడ్డులో ప్రతి 100 కార్లకూ ఒక నిమిషం పెరుగుతుంది. మొదటి దారిలో ఇరుకు రోడ్డు ముందు వస్తుంది, రెండో దారిలో చివర వస్తుంది. కార్లు సగం సగం పోతే 20, 45 కలిపి 65 నిమిషాలు.

ఇప్పుడు మధ్యలో ఒక అడ్డదారి వేశారు. దాన్ని దాటడానికి సమయమే పట్టదు అనుకుందాం. అందరూ ఇరుకు రోడ్డు, అడ్డదారి, మళ్లీ ఇరుకు రోడ్డు పడతారు. 40, 40 కలిపి 80 నిమిషాలు! ఒక్కడు వెడల్పు రోడ్డుకు మళ్లితే వాడికి 85. అందుకే ఎవరూ మళ్లరు. అందరూ అందలమెక్కితే మోసేదెవరు అన్నట్టుంది కదా!

ఎవరి లాభం వాళ్లు చూసుకోవడం వేరు, అందరి సమయం కలిపి తగ్గించడం వేరు. ఈ తేడాను 1952లోనే వార్డ్రాప్ రెండు సూత్రాలుగా చెప్పాడు. బ్రేస్ లెక్క ఆ తేడాను చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేలా చూపిస్తుంది. అది దాని గొప్పతనం.

కానీ నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. ఒకటి, కార్లు ఎప్పుడూ 4000 మాత్రమేనట. రోడ్డు బాగుపడితే కొత్త బండ్లు రావా? రెండోది, ఇంటికి పోయి అమ్మకు ఈ లెక్క చెప్పాను. అమ్మ రోజూ పొద్దున్నే పూలబుట్టతో హోసూరులో పెద్ద రోడ్డు దాటుతుంది. అంతా విని, "అందులో నడిచేటోళ్లు ఎంతమంది నాయనా?" అని అడిగింది. ఒక్కరూ లేరు!

మా బడి ముందు రోడ్డు వెడల్పు చేశాక బండ్లు ఆగడం లేదు. తమ్ముడి చేయి పట్టుకొని ఎంతసేపో నిలబడతాను. కారుకు మిగిలిన నిమిషం మా దగ్గర ఖర్చయింది. ఆ ఖర్చు ఈ లెక్కలో కనపడదు.

ఇందులో గణితం తప్పు లేదు. దేన్ని తగ్గించమంటే అది దాన్నే తగ్గిస్తుంది. అడిగేది మనమే. కాబట్టి ఇకపై కార్ల నిమిషాల పక్కన రోడ్డు దాటేవాళ్ల నిమిషాలు కూడా కూడి చూడాలి. అప్పుడే అమ్మ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.