జీవచ్ఛవాలు నవ్వించినప్పుడు: ఎనభైల నాటి చవక జాంబీ చిత్రాలు

హనుమకొండలో జరిగిన ఒక సంప్రదింపు తరగతికి కాజీపేట నుంచి వచ్చిన రైల్వే ఉద్యోగి ఒకరు ఈ పాఠ్యభాగం పేరు చూసి, “సార్, ఇది గూడ సిలబస్సేనా?” అని అడిగారు. మీకూ ఆ అనుమానం రావచ్చు. శవాలు లేచి మనుషుల వెంటపడే సినిమాలను, అందులోనూ చవకగా తీసిన వాటిని, డిగ్రీ విద్యార్థి ఎందుకు చదవాలి? జవాబు మీరు ఇదివరకే చదివిన అలంకారశాస్త్రంలో ఉంది. హాస్యానికి భయానకం, కరుణం రెండూ విరోధి రసాలని విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో చెప్పాడు. నవ్వు వస్తే భయం చెదిరిపోతుంది, జాలి కలిగితే నవ్వు ఆగిపోతుంది. మన అనుభవం కూడా చాలావరకు అదే చెబుతుంది. అయితే 1980లలో కొద్దిపాటి డబ్బుతో తయారైన కొన్ని సినిమాలు ఈ మూడింటినీ, వాటికి తోడు బీభత్సాన్నీ, ఒకే దృశ్యంలో నిలబెట్టాయి. ఎలా నిలబెట్టాయన్నదే ఇక్కడ మన పరిశీలన.

ముందు ఒక మాట గురించి ఆలోచించండి. జాంబీకి తెలుగు మాట లేదంటారు కాని, ఉంది: జీవచ్ఛవం. ఆ మాటను మనం భయంతో వాడం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి గురించీ, ఏళ్ళ తరబడి మంచం పట్టిన మనిషి గురించీ వాడతాం. అది జాలి మాట. నేను పెరిగిన కాజీపేట రైల్వే క్వార్టర్లలో నైట్ డ్యూటీ దిగి, టిఫిన్ క్యారియర్ ఊపుకుంటూ, పట్టాల పక్కన కళ్ళు మూసుకుని నడిచి వచ్చేవాళ్ళను చూసి ఆడవాళ్ళు ఆ మాటే అనేవారు. ఈ సంగతి కాసేపు గుర్తుంచుకోండి.

శవాలు గుంపుగా లేచి వచ్చే నేటి రకం జాంబీ కథకు మూలం 1968లో జార్జ్ రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’. ఖర్చు లక్షా పధ్నాలుగు వేల డాలర్లు. పేరు మార్చేటప్పుడు కాపీరైట్ ప్రకటన తెరమీద నుంచి జారిపోవడంతో ఆ సినిమా ఎవరికీ చెందకుండా పోయింది. ఎవరు కావాలంటే వాళ్ళు దాన్ని ప్రదర్శించుకోగలిగారు, అది దేశమంతా తిరిగింది. ఆర్థిక కారణం మరొకటి కూడా ఉంది. రక్తపిశాచి కథ తీయాలంటే కోట కావాలి, పట్టు అంగరఖా కావాలి. జాంబీకి చిరిగిన చొక్కా, ముఖానికి రంగు, కాళ్ళీడ్చుకుంటూ నడవగల నలుగురు ఇరుగుపొరుగువారు ఉంటే చాలు. ఆపైన వీసీఆర్ వచ్చింది. థియేటర్ దొరకని సినిమాలు క్యాసెట్ మీద ఎక్కడెక్కడికో వెళ్ళాయి.

కాజీపేటకూ వచ్చాయి. వీసీఆర్, కలర్ టీవీ కలిపి ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, క్వార్టర్ల ముందు బల్ల వేసి, రెండు తెలుగు సినిమాల మధ్య ఒక ఇంగ్లీషు సినిమా వేసేవారు. అలా అరిగిపోయిన క్యాసెట్ మీద, సగం చుక్కలూ గీతలుగా, నేను చూసిన సినిమా ‘ది రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్’. 1985లో డాన్ ఓ’బానన్ తీశాడు. మాటలు ఎవరికీ అర్థం కాలేదు. అందరూ నవ్వారు.

కథ ఏమిటో చూడండి. లూయివిల్ నగరంలో, ఆస్పత్రులకు, కాలేజీలకు అస్థిపంజరాలు, శవాలు సరఫరా చేసే గోదాము ఒకటి. ఫ్రెడ్డీ అనే కుర్రాడికి అక్కడ మొదటి రోజు ఉద్యోగం. సీనియర్ ఫ్రాంక్ గొప్పకు పోయి, సైన్యం పొరపాటున పంపిన పీపాను చూపించి, ఎంత గట్టిదో తెలియాలని అరచేత్తో ఒక్కటి చరుస్తాడు. పీపా చిట్లి విషవాయువు బయటపడుతుంది. గోదాములోని శవం లేస్తుంది. యజమాని బర్ట్ వస్తాడు. ఆయన మొదటి చింత కంపెనీ పేరు చెడకూడదని. ముగ్గురూ 1968 సినిమాలో చూసినట్టు శవం మెదడులో పికాక్స్ దించుతారు. చావదు. తల నరుకుతారు. మొండెం పరిగెడుతుంది. ముక్కలు చేసి సంచుల్లో కట్టి, పక్కనే ఉన్న శవాగారం వాడిని బతిమాలి కొలిమిలో కాలుస్తారు. పొగ మేఘాల్లో కలుస్తుంది. వాన కురుస్తుంది. ఆ వాన పక్క శ్మశానంలోకి ఇంకుతుంది.

ఇక్కడ ఆగి గమనించండి. ఇందులో విడిగా చెప్పుకోదగ్గ జోకు ఒక్కటీ లేదు. ప్రతి అడుగూ తర్కబద్ధం, ప్రతి పరిష్కారమూ సమస్యను పెంచుతుంది. తప్పు చేసిన ఉద్యోగి దాన్ని పై అధికారికి తెలియకుండా సరిదిద్దబోయి ఇంకా పెద్దది చేయడం ఏ ఆఫీసులో పనిచేసినవారికైనా తెలిసిన కథే. భయమూ నవ్వూ ఒకే కారణం నుంచి పుడుతున్నాయి కాబట్టి ఒకటి రెండోదాన్ని చెదరగొట్టడం లేదు. విశ్వనాథుడి సూత్రం తప్పని నేననను. ఆలంకారికులే రస విరోధానికి పరిహారాలు కూడా చెప్పారు. రెండు రసాలను పక్కపక్కన అతికిస్తే విరోధం, ఒకే వేరు నుంచి మొలిపిస్తే కాదు అని ఈ సినిమా చూస్తే అనిపిస్తుంది.

జాంబీలు మెదడు తింటాయన్న మాట వ్యాప్తిలోకి వచ్చింది ఈ సినిమాతోనే. దానికి కారణం కూడా సినిమాయే చెబుతుంది. నడుము కింద ఏమీ లేని ఒక ముసలి శవాన్ని బల్లకు కట్టేసి, ఎందుకు తింటారని అడుగుతారు. చనిపోయి ఉండటం నొప్పి అని, మెదడు తింటే ఆ నొప్పి కాసేపు తగ్గుతుందని అది జవాబిస్తుంది. వెన్నెముక వెనక తోకలా కదులుతూనే ఉంటుంది. బీభత్సం, హాస్యం, కరుణం ఒకే చట్రంలో. ఆ రాత్రి లోకో షెడ్‌లో పనిచేసే మా పెద్దనాన్న ఆ మాటలేవీ అర్థం కాకుండానే, “సచ్చినంక గూడ డ్యూటీ తప్పలేదురా వీళ్లకు!” అన్నాడు. క్వార్టర్లన్నీ ఘొల్లుమన్నాయి. విమర్శ పుస్తకాల్లో ఈ సినిమా గురించి నేను తరువాత చదివినదేదీ ఆ మాటను దాటలేదు.

ఫ్రాంక్ సంగతి ఇంకా ఉంది. వాయువు పీల్చిన అతడు మెల్లగా చచ్చిపోతూ, తాను మారుతున్నానని తెలుసుకుని, పెళ్ళి ఉంగరం తీసి ముద్దుపెట్టుకుని, పక్కన తగిలించి, తనంతట తానే కొలిమిలోకి వెళతాడు. అప్పటిదాకా అరుపులతో నవ్వించినవాడు అతడే. ఆ పాత్ర వేసిన జేమ్స్ కారెన్, చివరి రోజుల్లో వానలో తడుస్తూ జాంబీల గుంపులో తిరగడం తప్పించుకోవడానికే ఈ దృశ్యం సూచించానని తరువాత చెప్పాడు. సినిమాలో అన్నిటికంటే బరువైన క్షణం ఒక నటుడు చలికి వెనుకాడటం వల్ల పుట్టింది.

ఇలాంటి ఇబ్బందులను ఉపాయంగా మార్చుకోవడం మనవాళ్ళకు కొత్త కాదు. బి. విఠలాచార్య (1920–1999) చిత్రాలు గుర్తు చేసుకోండి. కాల్షీట్లు సరిగా ఇవ్వని నటుడి పాత్రను శాపం పేరుతో మేకగానో చిలుకగానో మార్చేసి కథ నడిపించేవాడని పరిశ్రమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన ‘జగన్మోహిని’ (1978)లో ఇంట్లో చేరిన దెయ్యం కట్టెలకు బదులు తన కాళ్ళనే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. పిల్లలు జడుసుకుని, మరుక్షణం నవ్విన దృశ్యం అది. అక్కడా తర్కం ఉంది: వంట చేయాలి, కట్టెలు లేవు, దెయ్యానికి నొప్పి లేదు. ఎనభైల్లో మాత్రం తెలుగు భయానకం ఎక్కువగా చేతబడి వైపు, ‘కాష్మోరా’ (1986) వంటి గంభీరమైన కథల వైపు నడిచింది. నవ్వుకు అక్కడ చోటు తగ్గింది.

అదే దశకంలో శామ్ రైమీ ‘ఈవిల్ డెడ్ 2’ (1987)లో దెయ్యం పట్టిన తన చేతితో తానే కొట్లాడే మనిషిని చూపించాడు. ఆ చేతిని కోసి, బకెట్ బోర్లించి, అది కదలకుండా పైన పుస్తకాలు పెడతాడు. అన్నిటికీ పైనున్నది హెమింగ్వే నవల ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’. ‘ఆర్మ్స్’ అంటే ఆయుధాలూ అవుతాయి, చేతులూ అవుతాయి. శ్లేష అర్థమైతే అదనపు నవ్వు, కాకపోయినా నష్టం లేదు. ఈ పోరాటానికి కావలసిందల్లా ఒక నటుడు, అతని ఒళ్ళు, కొన్ని పింగాణీ ప్లేట్లు.

అన్నిటినీ ఇలా మెచ్చుకోలేం. స్టువర్ట్ గోర్డన్ ‘రీ-యానిమేటర్’ (1985)కు అభిమానులు చాలామంది. అందులో తెగిన తల ఒక స్త్రీపై చేసే దౌర్జన్యాన్ని వేడుకగా చూపిన దృశ్యాన్ని నేను సమర్థించను. అక్కడ నవ్వు బాధపడేవారి మీదనే పడింది. ఆ కాలపు క్యాసెట్లలో చాలా భాగం అంతకంటే అధ్వానం, విసుగు కూడా. చవక ఖర్చు వేరు, చవకబారు ఆలోచన వేరు. ఈ రెండింటినీ వేరుచేసి చూడటమే మీరు ఇక్కడ అలవరచుకోవలసిన పని.

తెలుగువారు ఈ రకం కథలోకి ఆలస్యంగా వచ్చారు. చిత్తూరు ప్రాంతం నుంచి అమెరికా వెళ్ళి సినిమాల్లోకి మళ్ళిన రాజ్, డీకే 2013లో హిందీలో ‘గో గోవా గాన్’ తీశారు. ప్రశాంత్ వర్మ 2021లో ‘జాంబీ రెడ్డి’ తీశాడు. మొదటిదానిలో నవ్వు ఎక్కువగా సంభాషణల్లో ఉంది. జాంబీలు పక్కన నిలబడి ఉంటాయి. రెండోదానికి దొరికిన ఊహ గొప్పది: కొడవళ్ళు చేతపట్టి పగలు తీర్చుకునే రాయలసీమ ఊరిలోకి జాంబీలు వస్తే ఎవరు ఎవరికి భయపడాలి? ఆ ప్రశ్న తెలుగు నేలది, అరువు తెచ్చుకున్నది కాదు. అయితే ఆ ప్రశ్నను చివరిదాకా లాగే ఓపిక సినిమాకు ఉందా అంటే నాకు అనుమానమే. కొన్నిచోట్ల అది వెంటాడే గుంపు సందడితోనే తృప్తిపడింది.

అభ్యాసం కోసం ‘జగన్మోహిని’లోని పొయ్యి దృశ్యాన్నీ, ‘రిటర్న్’లో బల్లకు కట్టిన శవం దృశ్యాన్నీ వరుసగా చూసి, ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఆపారో ఒక పేజీలో రాయండి. వీలైతే ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని చూడండి, వాళ్ళు అన్న మాటలు అన్నట్టుగానే రాసి తీసుకురండి. మాండలికం దిద్దకండి.