టికెట్టు వెనక రాసిన చిల్లర

ఆర్టీసీ బస్సులో చిల్లర లేనప్పుడు కండక్టరు టికెట్టు వెనక పెన్నుతో 'ఏడు రూపాయలు' అని రాసిస్తాడు. దాని కోసం బస్సు ఆగదు. దిగేటప్పుడు గుర్తుపెట్టుకుని అడిగితే డబ్బు చేతికొస్తుంది. అడగకపోతే పోతుంది. కానీ ఆ రాత మాత్రం టికెట్టు మీదే ఉంటుంది.

నా పనిలో ఆ టికెట్టు నాకు తరచు గుర్తొస్తుంది. నేను ఎమ్యులేటర్లు రాస్తాను. ఒక రకం ప్రాసెసర్ కోసం రాసిన ప్రోగ్రామును మరో రకం ప్రాసెసర్ మీద, తన సొంతింట్లోనే ఉన్నానని అది నమ్మేలా నడపడం ఎమ్యులేటర్ పని. పూర్ణాంకాల వరకూ పెద్ద చిక్కు లేదు. ఫ్లోటింగ్ పాయింట్, అంటే దశాంశాల లెక్కల దగ్గరికి వచ్చేసరికి అసలు పని మొదలవుతుంది.

1985లో ఐఈఈఈ 754 ప్రమాణం వచ్చింది. దాని రూపకల్పనలో ముందు నిలిచినవాడు బర్క్‌లీ ఆచార్యుడు విలియం కహాన్. లెక్క తేడాపడే సందర్భాలను ఆ ప్రమాణం అయిదుగా గుర్తించింది: సున్నాను సున్నాతో భాగించడం లాంటి అర్థంలేని లెక్క, మరో సంఖ్యను సున్నాతో భాగించడం, జవాబు పట్టనంత పెద్దదవడం, పట్టనంత చిన్నదవడం, కచ్చితమైన జవాబు ఇమడక దగ్గరి సంఖ్యకు రౌండ్ చేయడం. వీటిలో ఏది జరిగినా, ప్రోగ్రాము ప్రత్యేకంగా కోరితే తప్ప లెక్క ఆగదు. ప్రాసెసర్ ఏదో ఒక జవాబిచ్చి, లోపల గుర్తుగా ఒక ఫ్లాగ్ ఎత్తి ముందుకెళ్తుంది. ఎత్తిన ఫ్లాగ్ తనంతట తాను దిగదు, ప్రోగ్రామే దించాలి. గంటల తరబడి సాగే లెక్కను నడిమధ్యలో చంపకుండా, జరిగినదాన్ని దాచకుండా చేసిన ఈ ఏర్పాటంటే నాకు ఎంతో గౌరవం.

కాబట్టి ఎమ్యులేటర్ అసలు యంత్రం ఇచ్చే జవాబు ఇస్తే సరిపోదు. అది ఎత్తే ఫ్లాగులే ఎత్తాలి, అది ఎత్తనివి ఎత్తకూడదు.

ఇందుకు నమ్మకమైన దారి సాఫ్ట్‌ఫ్లోట్. జాన్ హౌజర్ రాసిన ఈ కోడ్ దశాంశాల లెక్కలన్నిటినీ పూర్ణాంకాలతోనే చేసి, ఏ ఫ్లాగ్ లేవాలో తానే తేలుస్తుంది. ఫాబ్రిస్ బెలార్ మొదలుపెట్టిన క్యూఎమ్యు ఎమ్యులేటర్ దీన్నే ఆధారం చేసుకుంది. చిక్కల్లా వేగంతోనే. పోనీ, కింద ఉన్న ప్రాసెసర్ చేతే లెక్క చేయించి దాని ఫ్లాగులు చూద్దామా అంటే, ప్రతి లెక్కకూ వాటిని చదివి చెరపడం కూడా ఖరీదైన పనే.

2019లో వచ్చిన క్యూఎమ్యు 4.0 కూర్పులో దీనికో ఉపాయం దొరికింది. 1ని 3తో భాగించినా, 0.1కి 0.2 కలిపినా రౌండ్ చేయక తప్పదు. ఏ ప్రోగ్రామైనా మొదలైన కాసేపటికే 'రౌండ్ చేశాను' అనే ఫ్లాగ్ లేచిపోతుంది. ఒకసారి లేచాక, మళ్లీ రౌండ్ అయిందా అని వెతకాల్సిన అవసరమే లేదు. టికెట్టు వెనక ఇప్పటికే రాసేశారు. అప్పుడు కింది ప్రాసెసర్ చేత ధైర్యంగా లెక్క చేయించి, లెక్కలోకి వచ్చిన సంఖ్యలు మామూలువేనా, జవాబు మరీ పెద్దదా, మరీ చిన్నదా అన్నంత వరకు చూసుకుంటే చాలు. మొదటిసారి అర్థమైనప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

రెండేళ్ల కిందట ఆర్మ్ ప్రోగ్రాములను ఇంటెల్ ల్యాప్‌టాప్ మీద నడిపే ఎమ్యులేటర్ రాస్తూ నేనూ ఆ దారే పట్టాను. పరీక్షలన్నీ నెగ్గాయి, ఒక్కటి తప్ప. అదొక గుణకారం. జవాబులోని 32 బిట్లూ సరిగ్గానే ఉన్నాయి. 'పట్టనంత చిన్నది' అన్న ఫ్లాగ్ లేవాలి, లేవలేదు. మూడు రోజులు దాని వెంటే తిరిగాను.

32 బిట్లలో పూర్తి కచ్చితత్వంతో రాయగలిగే అతి చిన్న సంఖ్య 2కు మైనస్ 126వ ఘాతం. నా గుణకారం అసలు జవాబు దానికన్నా వెంట్రుకవాసి తక్కువ. రౌండ్ చేస్తే సరిగ్గా ఆ హద్దు మీదికే వచ్చింది. ఇప్పుడది చిన్నదా, కాదా? రౌండ్ చేయకముందు చూడాలా, చేశాక చూడాలా అన్నది ప్రమాణం తయారీదారుకే వదిలేసింది. ఆర్మ్ ముందు చూస్తుంది, చిన్నదేనని ఫ్లాగ్ ఎత్తుతుంది. ఇంటెల్ తర్వాత చూస్తుంది, హద్దు అందుకుంది కాబట్టి ఎత్తదు. ఇద్దరిదీ న్యాయమే. నా కోడ్‌లో మాత్రం 'జవాబు హద్దు కన్నా తక్కువైతే సాఫ్ట్‌ఫ్లోట్‌కి పంపు' అని ఉంది. ఈ జవాబు తక్కువ కాదు, సమానం.

క్యూఎమ్యు కోడ్ తెరిచి అదే చోటు వెతికాను. అక్కడ 'తక్కువైనా, సమానమైనా' అని ఉంది. ఆ సమానం గుర్తును చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అది రాసినవాళ్లు సరిగ్గా హద్దు మీద నిలబడే సంఖ్యను నాకన్నా ముందే ఆలోచించారు. నా కోడ్‌లోనూ ఆ గుర్తు చేర్చాను. పరీక్ష నెగ్గింది.

ఆ ఫైల్లోనే పైన, పవర్‌పీసీ ప్రాసెసర్‌కి ఈ దగ్గరిదారి అప్పట్లో పూర్తిగా మూసి కనిపించింది. ఇప్పుడు చేసిన ఈ ఒక్క లెక్కలో రౌండ్ చేశామా లేదా అని చెప్పే బిట్ ఒకటి ఆ ప్రాసెసర్‌లో ఉంటుంది. అందుకని ప్రతి లెక్కకూ ముందు ఫ్లాగులు చెరిపి మళ్లీ మొదలుపెట్టాలి. పాత రాత మీద ఆధారపడే వీల్లేదు. దాని ప్రోగ్రాములను సాఫ్ట్‌ఫ్లోట్ దారిలోనే నడవనిచ్చారు, స్టేజీ స్టేజీకీ కొత్త టికెట్టు కోయించుకుంటూ.